ఓబిలేసుకు ఉందా?

అనగనగా ఒక కాలం. ఆ కాలంలో కుక్కకాటుకు మందు ఉండేది. ఆ మందుకు తాళం ఉండేది.

ఆ కాలంలోనే ఓబిలేసు ఉండేవాడు. మూడు ఊళ్లకు డప్పు కొట్టి చాటింపు వేసేవాడు. ఒకనాడు ఆ ఊళ్ల మీద పిచ్చికుక్క పడింది. "పిల్లల్ని లోపల పెట్టుకోండహో!" అని ఓబిలేసు వీధివీధీ తిరిగాడు. అందరూ తలుపులు వేసుకున్నారు. బయట మిగిలింది ఓబిలేసే. కుక్క అతని పిక్క పట్టుకుంది.

గాయం సబ్బుతో కడుక్కుని ఆసుపత్రికి నడిచాడు.

"ఒక్కడి కోసం సీసా తెరవం. మిగిలింది పాడైపోతుంది," అన్నాడు కాంపౌండరు. "ఇంకొందర్ని కరవనీ, చూద్దాం."

"కుక్కకు చెప్పి రమ్మంటావా సామీ?"

కాంపౌండరు మందుపెట్టెకు తాళం వేశాడు. ఓబిలేసు వెనక్కి వచ్చి డప్పు అందుకున్నాడు.

దండ్, దండ్, దండ్. "కుక్క కరిచినోళ్లు దాచుకోకండహో! నన్నూ కరిచింది. కలిసి పోదాం రండహో!"

మొదటి ఊళ్లో ఒకాయన గాయానికి పసుపు మెత్తి కూర్చున్నాడు. "పసుపు కూరలోకి ఉంచు మామా, నువ్వు రా," అన్నాడు ఓబిలేసు. రెండో ఊళ్లో ఒకతను తాయెత్తు చూపించాడు. "దాన్నీ తీసుకురా అన్నా, ఎవరొద్దన్నారు?" అన్నాడు. మూడో ఊళ్లో లక్కమ్మ, ఊరు వెలివేస్తుందన్న భయంతో కుక్క కరిచిన కూతుర్ని గాదె వెనక దాచింది. "వెలేస్తే నన్ను కూడా వేస్తారులే, పాపను ఎత్తుకో," అన్నాడు.

అందరూ కదిలారు. సీసా తెరిచారు. ఓబిలేసు అందర్నీ ముందుకు పంపి తాను చివర నిలబడ్డాడు. సూది పడ్డవాళ్లు పడ్డట్టే ఇళ్లకు వెళ్లిపోయారు. ఎవరూ వెనక్కి చూడలేదు.

"అయిపోయింది," అన్నాడు కాంపౌండరు.

"పెట్టెలో ఇంకోటి ఉన్నట్టుందే సామీ?"

"అది మేడవారిది."

"మేడలో ఎవర్ని కరిచింది?"

"ఎవర్నీ కరవలేదు. రేపు కరిస్తే?"

"నన్ను కరిచింది కదా సామీ!"

"కొత్త సరుకు వస్తుంది. రేపు రా."

మర్నాడు వెళ్లాడు. రేపు రా అన్నారు. మళ్లీ వెళ్లాడు. రేపు రా అన్నారు. మళ్లీ వెళ్లాడు. రేపు రా అన్నారు. ఆ రేపు రాలేదు.

కొన్నాళ్లకు ఓబిలేసుకు జ్వరం తగిలింది. లక్కమ్మ చెంబుతో నీళ్లు తెస్తే, ఆ చెంబును చూసి గొంతు పట్టుకుని వణికిపోయాడు.

"మామా, నీకు సూది వెయ్యలేదా?" అంది లక్కమ్మ.

"పాపకు పడింది కదమ్మా," అన్నాడు ఓబిలేసు. అంతే. పోయాడు.

ఆడవాళ్లు ముట్టని ఆ డప్పును లక్కమ్మ మెడలో వేసుకుంది. దండ్, దండ్, దండ్. మూడు ఊళ్లూ ఆమె వెనక ఆసుపత్రికి నడిచాయి. పెట్టె తెరిపించారు. మేడవారి సీసా మూత కూడా కదలకుండా చల్లగా ఉంది.

"మేం అడుక్కోవడానికి రాలేదు," అంది లక్కమ్మ. "తాళం ఇటివ్వు."

కాంపౌండరు తలెత్తకుండా ఇచ్చాడు. ఆ తాళాన్ని ఓబిలేసుతోపాటే మట్టిలో పెట్టారు.

ఈనాటికీ ఆ మూడు ఊళ్లలో కుక్క కరిస్తే ముందు డప్పు మోగుతుంది. ఎవరూ ఒంటరిగా పోరు. సూది పడ్డవాళ్లు, చివరి మనిషికి పడేదాకా గడప దాటరు. సీసా తెరిచే ముందు వరసలో చివరనున్నవాళ్లు గట్టిగా అడుగుతారు: "ఓబిలేసుకు ఉందా?"

లోపలి నుంచి "ఉంది" అని వినబడాలి. అప్పటిదాకా ఎవరూ చెయ్యి చాపరు.