గవరయ్య నక్క రెండో లైసెన్సు

గెడ్డ వాగుకి ఈవలి అడవిలో బొరియల బేరం కుదర్చాలంటే గవరయ్య నక్క తర్వాతే ఎవరైనా. ఏనుగు దొర ఇచ్చిన లైసెన్సు మెళ్లో కట్టుకుని తిరిగేవాడు. నోరు మంచిదైతే ఊరు మంచిదని ఆయన నమ్మకం. ఆ నోటితోనే ఓ కప్పకి చెట్టుతొర్ర అంటగట్టిన ఘనుడు. ఉన్నది చాలక, గెడ్డ దాటి ఆవలి రాజ్యంలోనూ అమ్మాలని ఆశ పుట్టింది.

అక్కడ లైసెన్సులిచ్చేది సింహాచలం ఉడుము.

"మీ లైసెన్సు మీ ఒడ్డుకే గవరయ్యా. ఇక్కడ మా చట్టం చదివి పరీక్ష రాయాలి."

"బొరియ ఎక్కడైనా బొరియే కదా బావా! పదేళ్లుగా అమ్ముతున్నాను, నాకు పరీక్షేంటి?"

"పదేళ్ల అనుభవముంటే పరీక్ష మాఫీ. కానీ చట్టమంతా చదివానని పంజా ముద్ర వెయ్యాలి. ఇదిగో తాటాకుల కట్ట, తీసుకెళ్లి చదువుకుని రా."

"చదివేసినట్టే అనుకో!" టపీమని ముద్ర వేసేశాడు. ఒక్క తాటాకైనా తిరగెయ్యకుండానే రెండో లైసెన్సు మెళ్లో వేసుకున్నాడు.

తొలి బేరం నూకాలు కుందేలుతో. నిండు చూలాలు. ఆమెది మెట్ట మీద బొరియ, కాస్త ఇరుకు. ఆ మెట్ట మీద గవరయ్య కన్నుపడింది, తన కొత్త దుకాణానికి. దానికి మారుగా గెడ్డ గట్టు కింద పెద్ద బొరియ చూపించాడు.

"చెమ్మ వాసనొస్తోందన్నయ్యా. రేపో మాపో కాన్పు. వానలకి నీళ్లొస్తే నా పసిగుడ్లు ఏమైపోతాయి?"

"నీళ్లా? భలేదానివే చెల్లెమ్మా! నేనైతే కళ్లు మూసుకుని ఇందులోనే కాపురం పెట్టేస్తాను!"

ఆ మాటకి, చట్టం తెలిసిన నూకాలు చెవులు నిక్కబొడుచుకున్నాయి. ఒక్క పరుగున వెళ్లి ఉడుముని వెంటబెట్టుకొచ్చింది.

"మా చట్టంలో మొదటి ఆకు చూడు," అన్నాడు ఉడుము. "'నేనైతే ఇందులోనే ఉంటాను' అన్న బ్రోకరు, ముందు ఒక వానాకాలం అందులో ఉండి చూపించాలి. ఆ తర్వాతే అమ్మకం."

"అయ్యయ్యో, మాటవరసకి అన్నాను బావా! మా ఒడ్డున రోజుకి పదిసార్లు అంటాను!"

"చదివానని ముద్ర వేసింది నువ్వే కదా? రోట్లో తలపెట్టాక రోకటి పోటుకి వెరిస్తే ఎలా? ఉండనంటే చెప్పు, ఈ లైసెన్సు రద్దు చేసి, దొంగ ముద్ర వేశావని ఏనుగు దొరకి కబురంపుతాను. అక్కడిదీ ఊడుతుంది."

రెండూ పోతాయనేసరికి పాపం, కళ్లు మూసుకుని బొరియలో దూరాడు.

ఆషాఢం తొలివానకే గట్టు కిందికి నీళ్లు చేరాయి. మెట్ట మీద నూకాలు నలుగురు పిల్లల్నీ పొడి గడ్డిలో పడుకోబెట్టి, కిందికి తొంగిచూసింది. "అన్నయ్యా, ఇల్లెలా ఉంది?"

పీకల్లోతు బురదలో గవరయ్య గట్టిగా తుమ్మాడు. అయినా అలవాటెక్కడికి పోతుంది? "గాలి బాగా వస్తుందమ్మా. నీటి సౌకర్యమైతే చెప్పనే అక్కర్లేదు!"

నీతి: చట్టం చదవకుండా ఆకు మీద వేసిన ముద్ర చివరికి నెత్తి మీదే పడుతుంది.