హారతికి నిలిచిన గుడ్డ

పూర్వం ఒక రాజుగారు కొత్త నాటకశాల కట్టించారు. పైనంతా పట్టు చాందినీలు. నిప్పంటుకోకుండా వాటిని పటిక నీళ్ళలో నానబెట్టించే బాధ్యత అలంకారాధికారి జగ్గరాయుడిది.

దివిటీలు పట్టే నూకాలు పైకి చూసి ఆగిపోయింది. "పటిక తాగిన గుడ్డ బిరుసుగా ఉంటుంది దొరా. ఇది రెపరెపలాడుతోంది. మా తాతల నాటినుంచీ మా దివిటీకి ఒక్క పందిరీ కాలలేదు. దీని కింద నేను వెలిగించను" అంది రాజుగారితో.

"దివిటీ మోసేదానికి నా మాట మీద అనుమానమా?" అని జగ్గరాయుడు మీసం దువ్వాడు.

"తప్పే బాబూ! నానబెట్టించిన తమకి సన్మానం చెయ్యాల్సిందే. దొరా, ఆ చాందినీలోంచే ఓ ముక్క కోసి ఈయనకి శాలువాగా కప్పించండి. నా దివిటీతో నేనే హారతిస్తాను" అంది నూకాలు.

రాజుగారు నవ్వి సరేనన్నారు. శాలువా కప్పారు. దివిటీ దగ్గరికొచ్చేసరికి జగ్గరాయుడు దాన్ని విసిరేసి, "నానబెట్టలేదు ప్రభూ! పట్టు పాడవుతుందని..." అంటూ కాళ్ళ మీద పడ్డాడు.

చాందినీలన్నీ దింపి, కోసిన ముక్కతో సహా పటిక నీళ్ళలో ముంచి ఆరేశారు. నాటకం రోజున రాజుగారు నూకాలుకి జరీ శాలువా తెప్పించారు.

"అది వద్దు దొరా, మన చాందినీ ముక్కే కప్పండి" అంటూ నూకాలు తలెత్తి నిలబడింది. "ఇప్పుడు పట్టించండి హారతి, ఎంత దగ్గరగానైనా!"