కోటగోడకు పెళ్ళి

నందిబురుజు కోటను ఏలే భైరవరాజుగారికి ఒకరోజు ఉన్నట్టుండి కోటగోడ మీద జాలి పుట్టింది. ఎండకు ఎండి, వానకు తడిసి, శత్రువుల గుండ్ల దెబ్బలు తిని వందేళ్ళుగా నిలబడిందే, దానికొక తోడు లేదే అని నిండు సభలో కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. తూర్పు వైపు గోడకు చిన్న బీట పడింది మరి. తాపీమేస్త్రీ అయితే తట్టెడు సున్నంతో పని ముగించేవాడు. రాజుగారు మేస్త్రీని అడగలేదు, ఆస్థాన జ్యోతిష్కుడు విరూపాక్ష సిద్ధాంతిని అడిగారు.

సిద్ధాంతికి తెలియనిది లేదని సిద్ధాంతే చెప్పుకునేవాడు. గవ్వలు వేసి, వేళ్ళు లెక్కపెట్టి, అది బీట కాదు బెంగ అని తేల్చాడు. గోడకు పెళ్ళీడు దాటిపోయిందట. వెంటనే పెళ్ళి చేయకపోతే కూలబడుతుందట. పిల్లను కూడా ఆయనే చూశాడు, కోట చుట్టూ ఉన్న కందకం. నిలబడి ఉంటుంది కనుక గోడ వరుడు, నీళ్ళు మోస్తుంది కనుక కందకం వధువు. ముప్పై ఆరుకు ముప్పై ఆరు గుణాలూ కలిశాయని తాటాకు ఊపుతూ చెబితే రాజుగారు మురిసిపోయారు.

ఇంతవరకూ నవ్వుకుని ఊరుకోవచ్చు. కానీ పెళ్ళికి పందిరి కావాలి, పందిరికి చోటు కావాలి. గోడను ఆనుకుని ఉన్న పద్దెనిమిది ఇళ్ళూ తెల్లారేలోగా పడగొట్టించమన్నాడు సిద్ధాంతి. పెళ్ళయ్యాక ఆ చోటు పురోహితుడికి దక్షిణగా ఇవ్వడం శాస్త్రమట. పురోహితుడెవరని ఎవరూ అడగలేదు, అడగనక్కర్లేదు కూడా.

సింహాసనం వెనక వింజామర వీచే పోలాంబ చేయి ఆగిపోయింది. ఆ పద్దెనిమిదిలో మూడో ఇల్లు ఆమెది. పదేళ్ళుగా నోరు మెదపకుండా గాలి విసిరిన మనిషి. ఇప్పుడూ ఊరుకుంటే రేపటికి తల దాచుకోను చోటుండదు. ఆమెకు ఒళ్ళు మండిపోయింది. గాలి ఆగేసరికి రాజుగారు వెనక్కి తిరిగి ఏమైందని అడిగారు.

"పెళ్ళిలో చిన్న అనుమానం ఉంది మహాప్రభూ. ఈ గోడ కట్టిన మట్టి ఎక్కడిది?"

"కందకంలోదే. మా ముత్తాతగారు అటు తవ్విస్తూ ఇటు కట్టించారు," అన్నారు రాజుగారు గర్వంగా.

"అయితే ఇద్దరూ ఒకే కడుపున పుట్టిన అన్నాచెల్లెళ్ళు కదా మహాప్రభూ. జాతకాలు కలవక ఏమవుతాయి?"

సభలో ఎవరో కిసుక్కుమన్నారు. సిద్ధాంతి తాటాకు ఒళ్ళో దాచేశాడు. కందకం కాకపోతే కొండ, కొండ కాకపోతే ఏరు, పిల్లలకేం కొదవ అన్నాడు. పందిరి మాత్రం ఆపకూడదన్నాడు.

"పిల్లను వెతకనక్కర్లేదు మహాప్రభూ. గోడకు పెళ్ళయి అరవై ఏళ్ళయింది," అంది పోలాంబ.

ఎవరితో అని రాజుగారు నోరు తెరిచారు.

"మా ఇళ్ళ వరసతో. మాకు వెనక గోడలు లేవు, పద్దెనిమిది ఇళ్ళూ ఆయన మీదే ఆనుకుని నిలబడ్డాయి. మా పొయ్యిల పొగంతా ఆయన మొహానికే. అరవై ఏళ్ళుగా అంత పొగ మింగి పల్లెత్తు మాట అనలేదంటే ఆయన మొగుడు కాక మరెవరు? అలాంటి ఇల్లాలిని కూలదోసి, ఆమె ఉన్న చోటే రెండో పెళ్ళికి పందిరి వేస్తామంటే, బెంగతో బీటలు వారడా మహాప్రభూ?"

రాజుగారు కాసేపు వేళ్ళ మీద వరసలు కలుపుకున్నారు.

"ముత్తాతగారు కన్న గోడ నాకు చిన్నతాత. అంటే ఈ ఇళ్ళు నాకు నాయనమ్మ. సిద్ధాంతీ, మా నాయనమ్మను వీధిన పడేయమన్నావటయ్యా?"

అని పగలబడి నవ్వారు. సభంతా ఘొల్లుమంది. ఆ చోటు ఆ ఇళ్ళవాళ్ళదేనని అప్పటికప్పుడు రాగిరేకు మీద రాయించారు. తన చేతి బంగారు కడియం తీసి పోలాంబకు ఇచ్చారు. ఇన్నాళ్ళూ మరిచిపోయిన నాయనమ్మకు సారె పంపాలన్నారు. పద్దెనిమిది గడపలకూ చీరలు, పసుపు కుంకుమలు మోసుకెళ్ళే పని పెళ్ళిపెద్ద కనుక సిద్ధాంతికే పడింది.

తట్ట ఎత్తి ఆయన నెత్తిన పెట్టింది పోలాంబే.