విప్పని పొట్లం

అనగనగా ఒక అడవిలో, ఇప్పచెట్లూ మద్దిచెట్లూ కలిసి పెరిగిన చోట, చారలమ్మ అనే ఉడుత ఉండేది. చారలమ్మకి ఎప్పుడు చూసినా అలసటే. పొద్దున లేచినా అలసటే, మధ్యాహ్నం కునుకు తీసి లేచినా అలసటే. ఎందుకంటారా? చెప్తాను, కాస్త కుదురుగా కూర్చోండి. నాకూ ఇవాళ ఓపిక అంతంత మాత్రమే.

ఆ అడవిలో ఒక పద్ధతి ఉండేది. ఎవరి పిల్లకి పుట్టినరోజు వచ్చినా చుట్టుపక్కల పిల్లలందరినీ పిలిచేవారు. ఆటలయ్యాక, తిండయ్యాక, ఇంటికి వెళ్ళిపోయే ప్రతి పిల్ల చేతిలోనూ ఒక పొట్లం పెట్టేవారు. దాన్ని వెళ్ళొచ్చే పొట్లం అనేవారు.

మొదట్లో అది పెద్ద పనేమీ కాదు. ఎప్పుడో ఒకసారి ఎవరి పిల్లో ఇంటికి వెళ్ళనని ఏడిస్తే, ఒక తల్లి మోదుగాకులో ఒక తునికి పండు చుట్టి ఇచ్చిందట. అంతే. మర్నాటికి ఆ సంగతి అడవంతా పాకింది. తరవాతి పుట్టినరోజుకి అందరికీ తలా ఒక పండు ఇవ్వాల్సి వచ్చింది. ఆ తరవాత చిలక వదిన పండుతో పాటు గుప్పెడు పాల పండ్లు కూడా పెట్టింది. ఇంకొకరు ఈత పండ్లు కలిపారు. ఎలుగుబంటి వాళ్ళు తేనెపట్టు ముక్క కలిపారు. చివరికి నెమలి వదిన వాళ్ళాయన రాల్చిన ఈకలు తెచ్చి తలా ఒకటి గుచ్చింది. ఇక చూసుకోండి! అయిదు రకాలూ లేకపోతే అది పొట్లమే కాదన్నారు.

చారలమ్మకి ఒక్కతే కూతురు. పేరు పూరేకు. ఇంకో మూడు రోజుల్లో దాని పుట్టినరోజు. రావలసిన పిల్లలు ఇరవై మంది. అంటే ఇరవై పొట్లాలు.

ఇదొక్కటే అయితే ఎలాగో ఒకలా గట్టెక్కేది. కానీ ఇంకో పని కూడా ఉంది. ఉడుత పిల్లలు తొలకరి పడకముందే పెద్ద దూకుడు నేర్చుకోవాలి. వాళ్ళుండే ఇప్పచెట్టు నుంచి అవతలి మద్దిచెట్టుకి దూకాలి. వానలు మొదలైతే నేల మీది పాములు చెట్లెక్కుతాయి. దూకడం రాని ఉడుతకి ఆ కొమ్మ చివరే ఆఖరు. తల్లి ముందు దూకి చూపించాలి, అవతల నిలబడి చెయ్యి అందించాలి. ఉడుతల్లో ఇది తరతరాలుగా తల్లుల పనే. పుట్టినరోజు లోపల నేర్పిస్తానని చారలమ్మ కూతురికి మాట కూడా ఇచ్చింది.

మొదటి రోజు పొద్దున్నే పూరేకు వచ్చి అడిగింది. "అమ్మా, దూకుడు నేర్పవా?"

"ఇప్పుడు కాదు తల్లీ. తునికి పండ్లు ఏరుకురావాలి. ఆలస్యమైతే పక్షులు మిగల్చవు" అంది చారలమ్మ. మూడు గుట్టలు తిరిగింది. మంచివి ఇరవై దొరికేసరికి పొద్దు వాలింది.

వచ్చే దారిలో ముళ్ళవ్వ దగ్గర ఆగింది. ముళ్ళవ్వ అంటే ముసలి ఏదుపంది. ఆకు మడిచి పొట్లం కట్టాక విడిపోకుండా ఒక ముల్లు గుచ్చాలి కదా, ఆ ముళ్ళన్నీ ముళ్ళవ్వ వీపు నుంచే.

"అవ్వా, ఇరవై ముళ్ళు కావాలి" అంది చారలమ్మ, తల దించుకుని.

ముళ్ళవ్వ నిట్టూర్చింది. "తీసుకో అమ్మా. మొన్న కోతమ్మ వచ్చి పద్దెనిమిది పీక్కుపోయింది. ఈ నెలలో ఇది నాలుగో పుట్టినరోజు. నా వీపు చూడు, చిలకలు దిగిన జొన్నచేనులా అయింది. నక్క ఎదురైతే ఏం చూపించి బెదిరించను?"

చారలమ్మకి సిగ్గేసింది. అయినా ఇరవై ముళ్ళూ తెచ్చుకుంది. నలుగురితో పాటు నారాయణా అనుకుంది.

రెండో రోజు పూరేకు మళ్ళీ అడిగింది. "అమ్మా, ఇవాళ?"

"ఇవాళ పాల పండ్లకి, ఈత పండ్లకి, తేనెకి వెళ్ళాలి. ఈకలకి నెమలి వదిన ఇంటికి వెళ్ళాలి. రేపు చూద్దాం."

తేనె దగ్గర రెండు తేనెటీగలు కుట్టాయి. నెమలి వదిన ఇంట్లో ఈకలతో పాటు రెండు మాటలు కూడా దొరికాయి. "నిరుడు మీ పొట్లాల్లో ఈకలు కాస్త పొట్టిగా ఉన్నాయి వదినా. పిల్లలు అనుకుంటుంటే విన్నాను. నేనేమీ అనుకోలేదులే" అంది నెమలి వదిన. ఏమీ అనుకోనివాళ్ళు ఆ మాట ఎందుకు చెప్తారో నాకు ఇంతవరకూ అర్థం కాలేదు.

మూడో రోజు చారలమ్మ పొట్లాలు కట్టడానికి కూర్చుంది. ఆకు మడవడం, ముల్లు గుచ్చడం, పైన నారతో ముడి వెయ్యడం. పదో పొట్లానికి వేళ్ళన్నీ పోట్లు. పదిహేనో పొట్లానికి చేతులు వాచాయి. అప్పుడొచ్చింది పూరేకు.

"అమ్మా, రేపేగా పుట్టినరోజు! ఇవాళైనా..."

"కనబడటం లేదా నీకు?" అని గయ్యిమంది చారలమ్మ. "ఇదంతా ఎవరి కోసం చేస్తున్నాననుకున్నావు?"

పూరేకు వెనక్కి తిరిగింది. ఆ రోజు కోతి పిల్ల పుట్టినరోజు కూడాను. అక్కడికి వెళ్ళింది. మధ్యాహ్నం దాటాక చేతిలో పొట్లంతో తిరిగొచ్చి, దాన్ని తొర్రలో ఒక మూలకి విసిరేసింది.

"విప్పి చూడవా?" అంది చారలమ్మ.

"ఎందుకమ్మా? అన్నిట్లోనూ అదేగా" అంటూ పూరేకు కొమ్మ మీదికి వెళ్ళిపోయింది.

చారలమ్మ ఆ పొట్లం చేతిలోకి తీసుకుంది. ఆకు ఎండి పెళపెళలాడుతోంది. ముడి చూసింది. మళ్ళీ చూసింది. ముడి ఎడమ వైపుకి తిరిగి ఉంది. ఆ అడవిలో ఎడమచేతి వాటం ఒక్క చారలమ్మకే. అది తను వేసిన ముడే! నిరుడు, ఇదే పూరేకు పుట్టినరోజుకి, ఇలాగే చేతులు వాచేలా కట్టిన పొట్లమే.

ముల్లు లాగి విప్పింది. తునికి పండు పొడైపోయింది. ఈత పండ్లు రాళ్ళలా ఉన్నాయి. తేనెపట్టుకి చీమలు పట్టి, అవి కూడా ఎప్పుడో చచ్చిపోయాయి. ఈకని పురుగు కొట్టేసింది. ఏడాది పాటు దాన్ని ఎవరూ విప్పలేదు.

చారలమ్మ ఆ పొట్లం పట్టుకుని కోతి వదిన దగ్గరికి వెళ్ళింది. "వదినా, ఇది ఎక్కడిది?"

కోతి వదిన తల గోక్కుంది. "నీ దగ్గర దాపరికమెందుకు? పద్దెనిమిది కట్టాక నా నడుం పడిపోయింది. ఒకటి తక్కువైంది. దూది వాళ్ళమ్మ ఇచ్చింది ఇంట్లో ఉంటే దాన్నే ఇచ్చేశాను."

దూది అంటే కుందేలు పిల్ల. చారలమ్మ కుందేలు వదిన దగ్గరికి వెళ్ళింది. కుందేలు వదిన చెవులు వాల్చేసింది. "చిలక వదిన ఇచ్చింది. అలాగే దాచి, అలాగే ఇచ్చాను. నాకు ఆరుగురు పిల్లలు వదినా. ఏడాదికి ఆరు పుట్టినరోజులు. చచ్చిపోతున్నాననుకో."

చిలక వదిన అయితే అడక్కముందే ఒప్పేసుకుంది. "మీరు ఇచ్చిందే. మా వాడు విప్పలేదు. పారేయడానికి చేతులు రాలేదు, ఎంత కష్టపడి కట్టారో అని. తిరిగి తిరిగి మీ గూటికే వచ్చిందా?"

చారలమ్మకి కోపం రావాలి. రాలేదు. కోపానికి కూడా ఓపిక ఉండాలి కదా! "మరి మనమందరం ఎందుకు కడుతున్నాం ఇవి?" అని మాత్రం అడిగింది.

"మీరు మానేస్తే నేను మానేస్తాను" అంది చిలక వదిన. కోతి వదినా అదే మాట అంది, కుందేలు వదినా అదే మాట అంది. పిల్లి మెడలో గంట కట్టాలని అందరికీ ఉంది. కట్టడానికి వెళ్ళేవాళ్ళే లేరు.

చారలమ్మ కాళ్ళీడ్చుకుంటూ ఇంటికి వచ్చింది. తలెత్తి చూసింది. పూరేకు ఇప్పకొమ్మ చిట్టచివర నిలబడి ఉంది. తోక వణుకుతోంది. కళ్ళు మద్దిచెట్టు మీద ఉన్నాయి. కింద బండరాళ్ళు.

"పూరేకూ! కదలకు!" అని అరిచి చారలమ్మ ఒక్క పరుగున వెళ్ళి దాన్ని వెనక్కి లాక్కుంది.

"నీకు ఎలాగూ కుదరదు కదమ్మా. అందుకే నేనే దూకి చూద్దామనుకున్నాను" అంది పూరేకు. దాని గొంతులో నిష్ఠూరం లేదు. అందుకే చారలమ్మకి ఏడుపు ఆగలేదు.

ఏడ్చి, లేచి, తొర్రలోకి వెళ్ళింది. కట్టిన పొట్లాలన్నీ ముందేసుకుని ఒక్కొక్క ముడీ పంటితో కొరికేసింది. పండ్లన్నీ ఒక్క కుప్పగా పోసింది. వాచిన చేతులు వాగు నీళ్ళలో పెట్టుకుని చాలాసేపు ఊరికే కూర్చుంది. అలా ఊరికే కూర్చుని ఎన్నాళ్ళైందో దానికే తెలియదు.

పుట్టినరోజు నాడు తెల్లవారగానే తల్లీకూతుళ్ళిద్దరూ కొమ్మ చివరికి వెళ్ళారు. చారలమ్మ దూకి చూపించింది. చేతులు ఇంకా నొప్పిగానే ఉన్నాయి, కానీ పట్టు చిక్కింది.

పూరేకు మొదటిసారి పరుగెత్తుకొచ్చి కొమ్మ చివర ఆగిపోయింది. రెండోసారి దూకింది కానీ, అవతలి రెమ్మకి వేలాడితే చారలమ్మ చెయ్యి పట్టి పైకి లాగింది. మూడోసారి చక్కగా వచ్చి తల్లి పక్కన వాలింది.

"అమ్మా! చూశావా?" అని అరిచింది.

"చూశాను తల్లీ. చూడటానికేగా ఇక్కడున్నాను" అంది చారలమ్మ.

సాయంత్రం పిల్లలందరూ వచ్చారు. ఆడారు, పాడారు, పండ్ల కుప్ప మీద పడి ఒక్కటి మిగల్చకుండా తిన్నారు. తల్లులు ఒక పక్కన కూర్చుని కబుర్లు చెప్పుకున్నారు. ముళ్ళవ్వ కూడా వచ్చింది. ఇక వెళ్ళే వేళయింది. చెట్టు మొదట్లో పిల్లలందరూ అలవాటుగా వరసలో నిలబడి చేతులు చాపారు. ఇరవై జతల చేతులు.

చారలమ్మ వాళ్ళకి ఎదురుగా వచ్చి నిలబడింది.

"పొట్లం ఏది అత్తా?" అంది కోతి పిల్ల.

"లేదు నాన్నా. ఇవాళ పొట్లాలు కట్టలేదు. మీరందరూ వచ్చారు, అదే చాలు. వెళ్ళి రండి."

చాపిన చేతులు చాపినట్టే ఉన్నాయి.  నెమలి వదిన మెడ సాగదీసి, "అయ్యో, ముందే చెబితే మేమే సర్దేవాళ్ళం కదా వదినా! ఇబ్బందుల్లో ఉన్నట్టున్నారు" అంది. చారలమ్మ చెవులు వేడెక్కాయి. ఇప్ప తొర్రలో దూరి మళ్ళీ బయటికి రాకూడదనిపించింది.

అప్పుడు వరస చివర నుంచి ఏడుపు వినబడింది. దూది. "నాకేమీ లేదా?" అని ముక్కు ఎగబీలుస్తోంది.

చారలమ్మకి మనసు కరిగిపోయింది. తనకని దాచుకున్న తునికి పండు ఒక్కటుంది. దానికోసం చెయ్యి సగం చాపింది కూడా. కానీ ఈ ఒక్కటి ఇస్తే రేపటికి ఇరవై అవుతాయి. చెయ్యి వెనక్కి తీసుకుంది.

"ఇలా రా దూదీ" అని దాన్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుంది. ఉడుత ఒళ్ళో కుందేలు ఎంత ఇమిడితే అంత ఇమిడింది. చారలమ్మ దాని చెవుల మధ్య నిమురుతూ కూర్చుంది. కాసేపటికి ఏడుపు తగ్గింది. ఇంకాసేపటికి దూది, "అత్తా, మళ్ళీ ఎప్పుడు రమ్మంటావు?" అని అడిగి, దిగి గెంతుకుంటూ వెళ్ళిపోయింది.

అందరూ వెళ్ళాక ముళ్ళవ్వ దగ్గరికొచ్చి కూర్చుంది.

"నీకు తెలుసా చారలమ్మా? ఆ మొదటి పొట్లం ఇచ్చింది మీ అమ్మే. నేను అక్కడే ఉన్నాను."

"మా అమ్మా!"

"ఆ. అప్పుడూ ఇలాగే ఒక పిల్ల ఏడ్చింది. మీ అమ్మ దాన్ని చాలాసేపు ఒళ్ళో పెట్టుకుని ఊరుకోబెట్టింది. ఏడుపు ఆగాకే ఆ పండు చేతిలో పెట్టింది. మన వాళ్ళకి పండు గుర్తుంది. ఒడి మర్చిపోయారు."



తరవాత ఏమైందంటారా? అందరూ ఒక్కసారిగా మారిపోలేదు. నెమలి వదిన ఇప్పటికీ పొట్లాలు ఇస్తుంది, ఇంకా పొడుగు ఈకలతో. కానీ వారం తిరక్కుండా కుందేలు వదిన మూడో పిల్ల పుట్టినరోజు వచ్చింది. పిల్లలు చేతులు చాపితే, "చారలమ్మత్త ఇవ్వలేదుగా, నేనూ ఇవ్వను" అనేసింది. ఆ తరవాత చిలక వదిన, ఆ తరవాత కోతి వదిన. ముళ్ళవ్వ వీపు మీద మళ్ళీ ముళ్ళు మొలిచాయి.

తొలకరి పడ్డ నాలుగో రోజు, చారలమ్మ మేతకి వెళ్ళిన సమయంలో, ఒక పాము ఇప్పచెట్టు ఎక్కింది. చారలమ్మ తిరిగొచ్చి చూసేసరికి అది తొర్రలో తల దూర్చి ఉంది. చారలమ్మకి పైప్రాణాలు పైనే పోయాయి.

"అమ్మా! ఇక్కడున్నాను!" అని ఒక కేక వినబడింది.

మద్దిచెట్టు మీద నుంచి.

నీతి: ఎవరికీ అక్కర్లేని బరువుని అందరూ మోస్తూనే ఉంటారు, ముందుగా దించేవాళ్ళు లేక. ముందు దించినవాళ్ళకి కాస్త తలవంపుగా అనిపిస్తుంది నిజమే, కానీ పిల్లలని ఎత్తుకోవడానికి వాళ్ళ చేతులే ఖాళీగా ఉంటాయి.