చెమ్మ గోడ

వెనకటి రోజుల్లో కుమ్మరి నూకాలు, పెనిమిటి దగ్గుతో పోయాక ఇల్లు అమ్మేసి అక్క ఊరికి పోదామనుకుంది. పడగ్గది గోడకు పట్టిన బూజు గీకి సున్నం పూసింది. లోపల చెమ్మ ఉంటే సున్నం ఏం ఆపుతుంది? వారానికే మళ్లీ నల్లబడింది.

కొనడానికొచ్చిన పొరుగింటి మునసబు ముక్కు మూసుకున్నాడు. "అంతా చెమ్మే! సగం ధరే ఇస్తా."

"చెమ్మంటే గోడవతల మీ తూము కారుతున్నట్టేగా, అయ్యగారూ? కారుతోందని మొత్తుకుంటే, చుక్క కూడా కారదని నలుగురిలో నా పెనిమిటిని అబద్ధాలకోరును చేశారే! కారితే తప్పు ఒప్పుకుని గోడ బాగుచేయించండి. కారకపోతే గోడ పొడిదే, పూర్తి ధర ఇవ్వండి. పెద్దల్ని పిలవనా?"

మునసబు పూర్తి ధర లెక్కపెట్టి ఇచ్చాడు.

నూకాలు ఆ గోడకు చెయ్యి ఆనించింది. "నువ్వు బతికుండగా ఈ మాట నాకు తట్టలేదు కదా, మావా," అంది.