దొంగల్ని పట్టే కరెంటు పొయ్యి

గుమ్మడిదుర్గం మహారాజు వీరకుంజరుడికి మీసాలంటే ప్రాణం. కట్టెల పొయ్యి పొగకి వాటి నిగనిగ ఎక్కడ పోతుందోనని, కోట వంటింట్లో కరెంటు పొయ్యి పెట్టించమని హుకుం జారీ చేశాడు.

ఆ పని ఆస్థాన విద్యుత్ పండితుడు జ్వాలాభట్టుది. వైర్లు లాగాడు, గోడకి నెమలి బొమ్మ స్విచ్చు బిగించాడు. ఎర్తు తీగ మాత్రం వేయలేదు. దారితప్పిన కరెంటుని నేలలోకి పంపేది ఆ తీగే. కానీ దానికి గొయ్యి తవ్వి ఉప్పూ బొగ్గూ పోయాలి. మట్టిపని తన హోదాకి తక్కువని మానేశాడు, మహానుభావుడు.

వంటమనిషి పేరిందేవి తడినేల మీద నిలబడి, పెసరట్టు వేద్దామని పొయ్యి ముట్టుకుంది. అది ఈడ్చి కొట్టింది. ఆమె చేతిలోని గరిటె ఎగిరి వెళ్లి రాజుగారి చిత్రపటానికి తగిలింది.

ఇదేమిటని రాజు అడిగాడు. తప్పు ఒప్పుకుంటే భట్టుకి తల పోదు, హోదా పోతుంది. అతనికి తలకంటే హోదాయే ముఖ్యం.

"ఇది సత్యదేవత కొలువైన పొయ్యి మహారాజా. దొంగల్నే కొడుతుంది," అన్నాడు.

అని, మందపాటి రబ్బరు చెప్పులతో వెళ్లి పొయ్యిని నిమిరాడు. ఏమీ కాలేదు. రాజు కూడా తన చెప్పులతో వెళ్లి నిమిరాడు. ఏమీ కాకపోయేసరికి తన నిజాయితీకి తానే మురిసిపోయాడు. ఆ కోటలో చెప్పులు తొడిగే హక్కు వాళ్లిద్దరికే ఉంది.

పదకొండేళ్లుగా చెంచాడు నెయ్యి కూడా ఇంటికి పట్టుకెళ్లని పేరిందేవి నేతిదొంగ అయింది. సూర్యాస్తమయంలోగా కోట విడిచి పొమ్మన్నారు. ఆమె కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

రాజుకి హుషారెక్కింది. సేనాపతిని ముట్టుకోమన్నాడు, అతను కెవ్వుమన్నాడు. మంత్రి ఎగిరిపడ్డాడు. మధ్యాహ్నానికల్లా రాజ్యంలో ఇద్దరే నిజాయితీపరులు మిగిలారు. రెండోవాణ్ణి మంత్రిని చేస్తానని రాజు ప్రకటించాడు.

ఇక మిగిలింది పంకా లాగే గవరయ్య. కోటకి కరెంటు ఫ్యాన్లు వచ్చినా, అతన్ని మానిపించడం రాజు మరిచిపోయాడు. దేనికీ కట్టని తాడుని పట్టుకుని అతను రోజూ నిష్ఠగా లాగుతూనే ఉన్నాడు.

పిలవగానే వచ్చి వంటింటి గడప దగ్గర ఆగాడు.

"ముట్టుకుంటాను ప్రభూ. కానీ లోపల దేవత ఉందంటున్నారు. గుళ్లోకి చెప్పులతో వెళ్తామా?"

రాజు గబగబా లెంపలేసుకున్నాడు. చెప్పులు బయట విడిచి, కాళ్లు కడుక్కుని, ముందుగా తానే దేవతని తాకి క్షమాపణ అడుగుతానని తడికాళ్లతో పొయ్యి వైపు నడిచాడు.

భట్టు మొహంలో నెత్తురు చుక్క లేదు. ముహూర్తం బాగాలేదన్నాడు. కాసేపు స్విచ్చు కట్టేద్దామన్నాడు. చివరికి దారికి అడ్డంగా నిలబడ్డాడు.

గవరయ్య నెమ్మదిగా అన్నాడు:

"కంగారెందుకండీ పండితులవారూ, మహారాజు దొంగ కాదుగా."

రాజు కనుబొమ్మలు పైకి లేచాయి. "చెప్పవయ్యా, నేను దొంగనా?" అంటూ భట్టుని పక్కకి నెట్టి చెయ్యి చాచాడు.

భట్టు ఒక్క గెంతులో వెళ్లి స్విచ్చు కట్టేసి, రాజు కాళ్ల మీద పడ్డాడు.

"పొయ్యిలో దేవతా లేదు, సత్యమూ లేదు మహారాజా. ఎర్తు లేదు, అంతే."

ముందు సేనాపతి నవ్వాడు, ఇంకా చిమచిమలాడుతున్న వేళ్లు ఊదుకుంటూ. తర్వాత రాజు మీసాలు ఊగిపోయేలా నవ్వాడు. నీకెలా తెలిసిందని గవరయ్యని అడిగాడు.

"ముప్ఫై ఏళ్లు నేల మీద కూర్చుని పంకా లాగాను ప్రభూ. మొహాలకంటే కాళ్లే ఎక్కువ చూశాను. ఈ పొయ్యి కొట్టినవాళ్లవన్నీ ఉత్తకాళ్లే."

గొయ్యి భట్టే తవ్వాలన్నాడు రాజు. పేరిందేవిని క్షమించమని అడిగి, మొదటి పెసరట్టు గవరయ్యకే వెయ్యమన్నాడు. భట్టు రబ్బరు చెప్పులు, కోటలో వాటిని తొడిగే హక్కు అతనికి బహుమానం.

గవరయ్య ఆ చెప్పులు తొడుక్కుని, దేనికీ కట్టని తాడు లాగడానికి టపటపా నడుచుకుంటూ వెళ్లాడు.