బుట్టలో భిక్ష

కొండ కిందికి వెళ్ళిన గాడిద ఆ రోజు కూడా సగం బుట్టతోనే పైకి వచ్చింది. ఆ సగమైనా చూడముచ్చటగా లేదు. నిన్నటి అన్నం, ఎండిపోయిన జొన్నరొట్టెలు, ఎవరింట్లోనో పిల్లలు వద్దన్న ఆనపకాయ కూర. చూసేసరికి నందకుడికి ఒళ్ళు మండిపోయింది.

ఎందుకు మండదు? ఆ బుట్ట ఏర్పాటు అతనిదే మరి.

సముద్రం ఒడ్డున ఉన్న ఆ కొండ మీద ఒక బౌద్ధ విహారం ఉండేది. అక్కడి భిక్షువులందరికీ బుధరక్షితులవారు గురువు. ఆయన్ని గౌరవంగా భంతే అని పిలిచేవారు. నందకుడు వాళ్ళలో కొత్తగా చేరినవాడు. అంతకుముందు రేవులో ఒక పెద్ద వర్తకుడి దగ్గర ఓడల్లోకి సరుకెక్కించే పని చూసేవాడు. ఏ మూట ముందెక్కాలో, ఏది అడుగున పడాలో, కూలీలు ఎటునుంచి ఎటు నడిస్తే ఒక్క అడుగు కూడా వృథా పోదో అతనికి కొట్టిన పిండి. తల గొరిగించుకున్నాడే గానీ ఆ చూపు మాత్రం పోలేదు.

విహారంలో ఆ చూపుకి మొట్టమొదట ఆనింది భిక్షాటన. రోజూ తెల్లవారగానే భిక్షువులందరూ పాత్రలు పట్టుకుని కొండ దిగుతారు. ఊళ్ళో ప్రతి గడప ముందూ నోరెత్తకుండా కాసేపు నిలబడతారు. పెడితే తీసుకుంటారు, పెట్టకపోతే ముందుకు కదులుతారు. మళ్ళీ చెమటలు కక్కుకుంటూ కొండెక్కుతారు. సూర్యుడు నడినెత్తికి రాకముందే తినెయ్యాలి. ఆ వేళ దాటితే మర్నాటిదాకా ముద్ద ముట్టకూడదు. అది వాళ్ళ నియమం.

"ఒక్క పూట తిండికి పూటంతా నడకా!" అని నందకుడు ముక్కున వేలేసుకున్నాడు.

నేరుగా గురువుగారి దగ్గరికి వెళ్ళి తన ఉపాయం చెప్పాడు. కొండ కింద ఒక పెద్ద బుట్ట పెడదాం, ఊరివాళ్ళు తెచ్చి అందులో వేస్తారు, గాడిద పైకి మోసుకొస్తుంది, మిగిలిన వేళంతా చదువుకీ ధ్యానానికీ.

"ఊరివాళ్ళకీ సుఖమే భంతే. మనం గడప గడపకీ వెళ్ళి వాళ్ళ పనులు చెడగొట్టక్కర్లేదు."

బుధరక్షితులవారు నవ్వి, "పెట్టి చూడు" అన్నారు. మెచ్చుకోనూ లేదు, కాదననూ లేదు. మెచ్చుకోనందుకు నందకుడు కాస్త చిన్నబుచ్చుకున్నాడు గానీ, పైకి తేలనివ్వకుండా పనిలో పడ్డాడు.

మొదట్లో అంతా సాఫీగానే సాగింది. తర్వాత బుట్ట మీద కాకులు వాలాయి. కాకుల్ని తోలడానికి ఒకణ్ణి కాపలా పెట్టాడు. కాకులు పోయి కోతులు వచ్చాయి. కాపలాకి ఇంకొకడు కావలసి వచ్చాడు. గాడిదకి గడ్డి కొయ్యడానికి ఒకడు, బుట్ట కడిగేవాడొకడు. పైకి వచ్చిన తిండి పంచేటప్పుడు, గారెలన్నీ అటు వరసకే ఎందుకు వెళ్ళాయని ఇద్దరు భిక్షువులు రెండు రోజులు మాట్లాడుకోలేదు. వాళ్ళని కలపడానికి ఒక పూట పట్టింది. మిగిల్చిన వేళంతా దాన్ని మిగిల్చే పనికే సరిపోయేది.

నందకుడు మాత్రం కాలుగాలిన పిల్లిలా తిరుగుతూనే ఉన్నాడు. కళ్ళు మూసుకుని ధ్యానానికి కూర్చుంటే చాలు, గాడిద కనిపించేది. అయినా రాత్రి పడుకునేటప్పుడు, ఇవాళ ఎంత పని చేశాను అనుకుంటే ఒంటికి హాయిగా ఉండేది.

ఇప్పుడేమో బుట్ట సగానికి వచ్చింది. ఇలాగే సాగితే విహారం పస్తులుండాలి. అందరి వేళ్ళూ తనవైపే చూపిస్తాయి.

"ఊళ్ళో భక్తి తగ్గిపోయింది భంతే" అన్నాడు గురువుగారితో. "రేపు వెళ్ళి నాలుగు మంచి మాటలు చెప్పి వస్తాను."

"నేనూ వస్తాను. నీ పాత్ర తెచ్చుకో."

"మాటలు చెప్పి రావడానికి పాత్రెందుకు భంతే?"

"చేతులు ఖాళీగా ఉంటే నువ్వు వేలు చూపించి మాట్లాడతావు" అన్నారాయన.

మర్నాడు పొద్దున్నే ఇద్దరూ కొండ దిగారు. మొదట ఒక నేతగాడి ఇంటి ముందు నిలబడ్డారు. అప్పుడే వాకిలి చిమ్ముతున్న ఇల్లాలు తలెత్తి చూసి, చీపురు అక్కడే పడేసింది.

"ఓలమ్మా! సాములొచ్చేరు!" అని లోపలికి కేకేసి, పసిగుడ్డుని చంకనేసుకుని పరుగెత్తుకొచ్చింది. "మీరు రావడం మానేసేక పుట్టినోడు సామీ. మీ సేత పేరు పెట్టించుకుందారని కొండ కాడికొచ్చేం. గాడిద కనపడింది గానీ మీరు కనపళ్ళేదు."

నందకుడు సిగ్గుతో తల వంచుకున్నాడు. గురువుగారు పసివాడి చెవిలో పేరు చెప్పారు. వాడు ఆయన బోడి గుండుని ఒక్కటి చరిచాడు. ఆయన పకపకా నవ్వారు.

రెండో గడప దగ్గర ఒకే పెరడు పంచుకున్న అన్నదమ్ములు ఎదురయ్యారు. ఇద్దరూ ఒక్కసారే గురువుగారికి తగువు చెప్పడం మొదలుపెట్టారు. ఆయన ఒక్క మాట మాట్లాడలేదు. పాత్ర పట్టుకుని నిలబడ్డారు, అంతే. ఆయన నెత్తి మీదుగా ఒకరి గోడు ఒకరు పూర్తిగా విన్నారు. వినేసరికి గొంతులు తగ్గాయి. "అదేటో ముందే సెప్పొచ్చు కదరా" అని అన్న తమ్ముడి మీద విసుక్కున్నాడు. తమ్ముడు లోపలికి వెళ్ళి రెండిళ్ళ అన్నమూ తెచ్చి వాళ్ళ పాత్రల్లో వేశాడు.

ప్రతి గడప దగ్గరా ఇదే తంతు. ఒకామె పప్పు మీద నెయ్యి వేసింది. ఒకాయన తన మోకాలి నొప్పి వేసవి నుంచి మొదలుపెట్టి చెప్పుకున్నాడు. పాత్రలు నిండాయి. వేడి అన్నం వాసనకి నందకుడి నోట్లో నీళ్ళూరాయి. తను చెప్పాలనుకున్న నాలుగు మంచి మాటల్లో ఒక్కటీ చెప్పే సందు దొరకలేదు. పైగా ఎండ ఎక్కుతోంది. ఇప్పుడు తిరుగు దారి పట్టి గబగబా నడిస్తే, వేళ దాటకుండా తినొచ్చు.

ఊరి చివర, సముద్రం వైపు ఒక్క గుడిసె మిగిలింది. అది నాగవ్వది. నా అన్నవాళ్ళెవరూ లేని ముసలావిడ. గురువుగారు గుడిసె ముందు నిలబడ్డారు. ఎవరూ రాలేదు.

"పెట్టకపోతే కదలాలి కదా భంతే" అన్నాడు నందకుడు మెల్లిగా.

ఆయన కదల్లేదు.

కాసేపటికి గోడ పట్టుకుని నాగవ్వ బయటికి వచ్చింది. బాగా చిక్కిపోయింది. గురువుగారిని చూసి బోసినోటితో నవ్వింది.

"ఏటి సామీ, దారి మర్సిపోనారా?"

మాట్లాడే అవకాశం నందకుడికి ఇప్పటికి దొరికింది. "దారి మీకు దగ్గర చేశాం కదా అవ్వా. కొండ కింద బుట్ట పెట్టాం. అందులో వెయ్యడం మానేశావేం?"

"ఏసేను బాబూ, కొన్నాళ్ళేసేను. ఆ బుట్ట తిని బాగుందంటాదా, ఉప్పు సాల్లేదంటాదా? ఈ సామి నోరిప్పి ఏటీ అనడు గానీ, మర్నాడొచ్చినప్పుడు మొగం సూస్తే నాకు తెలిసిపోద్ది." మళ్ళీ నవ్వింది. "బుట్టకి మొగమేది?"

"మరి నీకు నువ్వు వండుకోవడం లేదా?"

"నా ఒక్కదానికి వొండడమేటి? ఎవులైనా ఇంత పెడితే తింటాను. లేపోతే బెల్లమ్ముక్క నోట్లో ఏసుకుని నీళ్ళు తాగి తొంగుంటాను."

నందకుడు తలుపు సందులోంచి లోపలికి చూశాడు. పొయ్యిలో పిల్లి పడుకుని ఉంది. దాని నిద్ర చూస్తే ఆ పొయ్యి వెలిగి చాలా రోజులైందని తెలుస్తోంది.

"ఉండండి సామీ, సిటికెలో అంబలి కాసీస్తాను" అంటూ నాగవ్వ హడావిడిగా లోపలికి వెళ్ళింది. పిల్లి అయిష్టంగా బయటికి వచ్చింది.

నందకుడు ఎండ వైపు చూశాడు. "వేళయిపోతోంది భంతే. మన పాత్రలు నిండే ఉన్నాయి. ఆవిడ అంబలి కాచేసరికి మనం తినే వేళ దాటిపోతుంది."

"ఆకలైతే నువ్వు వెళ్ళు నందకా. నేను నిలబడతాను."

ఆ మాటలో కోపం లేదు. అందుకే నందకుడు నిజంగానే బయల్దేరాడు. పొద్దున్నుంచి నడిచి ఖాళీ అయిన కడుపు అది, చేతిలో వేడి వేడి అన్నం, పైన నెయ్యి. కొంత దూరం వెళ్ళి వెనక్కి తిరిగి చూశాడు. గురువుగారు ఎండలో అలాగే నిలబడి ఉన్నారు. గుడిసెలోంచి పొగ వస్తోంది గానీ మంట జాడ లేదు. నాగవ్వ ఊదుతోంది, దగ్గుతోంది, మళ్ళీ ఊదుతోంది.

నందకుడు దారి మధ్యలో నిలబడిపోయాడు. అటు కొండ, ఇటు దగ్గు. "ఛీ" అనుకున్నాడు, తననే. వెనక్కి వచ్చి పాత్ర అరుగు మీద పెట్టి, గుడిసెలోకి దూరాడు.

"లే అవ్వా. నేను వెలిగిస్తాను."

ఓడల్లో సరుకు సర్దిన చెయ్యి కదా, పుల్లల్ని కూడా అలాగే సర్దాడు. ఒకదాని పక్కన ఒకటి, సందు లేకుండా, పొయ్యి నిండా. తన పనితనం చూసుకుని మురిసిపోయి ఊదాడు. పొగ వచ్చింది. ఇంకా గట్టిగా ఊదాడు. బూడిదంతా లేచి మొహాన పడింది.

నాగవ్వ కడుపు పట్టుకుని నవ్వింది. "ఇంత కూరితే మంటెక్కడ నిలుస్తాది బాబూ!" అని సగం పుల్లలు లాగి పక్కన పడేసింది. "ఇప్పుడూదు. మెల్లగా."

మంట అంటుకుంది. నందకుడికి ఎప్పుడూ లేనంత సంబరం వేసింది. కుండలో అంబలి కుతకుతలాడేదాకా పొయ్యి ముందునుంచి లేవలేదు.

ఆవిడ అంబలి ముంత పట్టుకుని బయటికి వచ్చేసరికి నీడ కాళ్ళ కిందికి చేరి, అవతలి వైపుకి జరిగిపోయింది. నాగవ్వ ఎండ వైపు చూసి నుదురు కొట్టుకుంది.

"అయ్యో, మీ యేళ దాటిపోనాది సామీ! నా పొయ్యి కోసం మీకు పస్తా?"

"వండింది పారబోస్తామా ఏమిటి? నువ్వు కూర్చో" అన్నారు గురువుగారు. తన పాత్ర, నందకుడి పాత్ర, రెండూ ఆవిడ ముందు పెట్టారు.

"నాను తింటంటే మీరు సూస్తా కూకుంటారా?"

"ఇన్నేళ్ళూ నువ్వు పెట్టావు, మేం తిన్నాం. ఒక్క పూట నువ్వు తిను."

మొదట సిగ్గుపడింది. పక్కింటి పిల్లల్ని పిలిచి వాళ్ళ చేతుల్లో అన్నం పెట్టింది. ఆ తర్వాత తను కలుపుకుంది. తన అంబలి తనే రుచి చూసుకుని, "ఉప్పు సాల్లేదు" అని గొణుక్కుంటూ లేచి ఉప్పు తెచ్చుకుంది. ముంత ఖాళీ చేసి, లోపలికి వెళ్ళి ఇంకో ముంతెడు తెచ్చుకుంది. మసి మొహంతో, మాడే కడుపుతో నందకుడు ఆవిణ్ణే చూస్తూ కూర్చున్నాడు. లేవాలనిపించలేదు.

బయల్దేరబోతుంటే నాగవ్వ అతని చెయ్యి పట్టుకుంది.

"రేపొస్తావా బాబూ?"

నందకుడు గురువుగారి వైపు చూశాడు. ఆయన సముద్రం వైపు చూస్తున్నారు.

"వస్తాను అవ్వా."

"అయితే పుల్లలు ఇప్పుడే ఎండేసుకుంటాను" అని ఆవిడ హడావిడిగా వెనక్కి తిరిగింది.

ఇద్దరూ కొండెక్కుతున్నారు. నందకుడి కడుపులో ఎలకలు పరుగెడుతున్నాయి. అలవాటు చొప్పున పొద్దున్నుంచి అయిన పనులు మనసులో నెమరేసుకున్నాడు. తెచ్చింది లేదు, తిన్నది లేదు. చదివింది లేదు, ధ్యానం చేసింది లేదు. ఊరివాళ్ళకి చెప్పాలనుకున్నదీ చెప్పలేదు. ఎటు చూసినా ఏమీ తేలడం లేదు. మరి మనసెందుకింత తేలిగ్గా ఉందో, ఊరికూరికే నవ్వెందుకొస్తోందో అంతుపట్టలేదు.

"భంతే, ఇవాళంతా మనం..." అని మొదలుపెట్టి ఆగిపోయాడు.

గురువుగారు ఊపిరి తీసుకోవడానికి ఒక మెట్టు మీద ఆగారు.

"ఆవిడ మారు వడ్డించుకుంది, చూశావా?" అన్నారు.

"చూశాను భంతే" అన్నాడు నందకుడు.